గరికను కోస్తే చావదు, ఎండబెడితేనే చస్తుంది

పసుపు తవ్వి చేను ఖాళీ చేసిన ఈ రోజులే తుంగ, గరికల పీడ వదిలించుకునే అదను

నిరుడు మృగశిర కార్తెలో మీ చేలో ఏం జరిగిందో ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. రెండు వానలు పడ్డాయి. ట్రాక్టర్ కిరాయికి తెచ్చి రెండుసార్లు రోటవేటర్ వేయించారు. మన్ను పిండిలాగా అయింది. చేను అద్దంలా ఉందని సంబరపడి పత్తి గింజ పెట్టి ఇంటికి వచ్చారు. పది పన్నెండు రోజులకు పోయి చూస్తే పత్తి మొలక కన్నా ముందే గరిక, తుంగ లేచి నిలబడ్డాయి. అంతకు ముందు ఏడాది ఒక మూలకు మంచమంత జాగాలో ఉన్న గరిక చేనంతా అల్లుకుంది.

"రెండు సాళ్లు దున్నిచ్చినా ఎందుకు పోలే?" అని చాలామంది రైతులు అడుగుతారు. నిజం చెప్పాలంటే ఆ గరికను మీరు కిరాయి ఇచ్చి తెప్పించిన రోటవేటరే చేనంతా నాటి పోయింది.

నిర్మల్ జిల్లాలో గోదావరి ఒడ్డున సోన్, లక్ష్మణచాంద, మామడ, ఖానాపూర్ వైపు పసుపు, మక్క చేలు, భైంసా, ముధోల్, కుభీర్ వైపు నల్లరేగడిలో పత్తి, సోయా చేలు ఉన్నాయి. స్వర్ణ, కడెం, సదర్మాట్ కాల్వల కింద వరి, ఆరుతడి పంటలు ఉన్నాయి. నేల మారినా, పంట మారినా ఈ రెండు కలుపు మొక్కలు మాత్రం అన్నిచోట్లా రైతును సతాయిస్తున్నాయి. మిగతా కలుపును ఒకసారి ఏరితే కొన్నాళ్లు తెరిపి దొరుకుతుంది. వీటిని ఏరిన వారానికే మళ్లీ పచ్చగా కనిపిస్తాయి. ఎందుకో తెలుసుకుంటే వదిలించుకునే దారి కూడా దొరుకుతుంది.

రెండూ ఒకటి కావు

తుంగను కూడా గడ్డి కిందనే లెక్కేస్తాం. కానీ తుంగ గడ్డి జాతి కాదు. పూత కాడను తెంపి రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి. గరిక కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగ కాడ మూడు పలకలుగా, కణుపులు లేకుండా వేళ్లకు తగులుతుంది. ఈ తేడా ఎందుకంటే, గడ్డి జాతిని చంపే మందు తుంగను ముట్టదు. తుంగ మందు గరికను ముట్టదు. తేడా తెలియక దుకాణంలో ఏదో ఒక సీసా కొని కొట్టి, "మందు నకిలీ" అని తిట్టుకునేవారు ప్రతి ఊరిలో ఉన్నారు.

గరిక రెండు రకాల తీగలతో పాకుతుంది. ఒకటి నేల మీద పాకే తీగ, రెండోది మట్టిలోపల పాకే తెల్లటి దుంప కాడ. ఈ రెండింటికీ అడుగడుగునా కణుపులు ఉంటాయి. కణుపు ఉన్న ముక్క ఎంత చిన్నదైనా తడి తగిలితే వేరు పోసుకుంటుంది. రోటవేటర్ బ్లేడ్లు ఒక్క తీగను ఇరవై ముక్కలు చేస్తే ఇరవై మొక్కలకు విత్తనం తయారైనట్టే. కల్టివేటర్ కొయ్యలకు చుట్టుకున్న తీగలు ఒక చేను నుంచి ఇంకో చేనుకు ఊరేగింపుగా పోతాయి.

తుంగ సంగతి వేరు. దాని బలమంతా భూమిలో ఉన్న నల్లటి గడ్డలలో ఉంటుంది. ఆయుర్వేదంలో తుంగముస్తలు అనేది ఈ గడ్డలనే. సన్నటి వేరుతో ఒక గడ్డకు ఇంకో గడ్డ దండలాగా గుచ్చుకుని ఉంటుంది. ఎక్కువ గడ్డలు జానెడు లోతులోనే ఉంటాయి కానీ కొన్ని ఇంకా కిందికి దిగుతాయి. పైన ఆకు పీకితే సన్న వేరు పుటుక్కున తెగుతుంది, గడ్డ లోపలే ఉంటుంది. దండలో మొదటి గడ్డ మొలిచినన్నాళ్లు మిగతావి నిద్రపోతాయి. మొదటిదాన్ని విడదీయగానే మిగతావి లేస్తాయి. ఒక్క గడ్డ ఒక పంటకాలంలో పదుల కొద్దీ గడ్డలు పెడుతుంది.

ఇది మన ఒక్క ఊరి గోస కాదు. ప్రపంచంలో పంటలను పీడించే కలుపు మొక్కల మీద 1977లో నలుగురు శాస్త్రవేత్తలు ఒక పెద్ద పుస్తకం వేశారు. అందులో అన్నిటికన్నా చెడ్డ కలుపుగా మొదటి స్థానం తుంగకు, రెండో స్థానం గరికకు ఇచ్చారు. అంటే లోకంలోని ఇద్దరు పెద్ద దొంగలు మన చేలోనే కాపురం ఉన్నారన్నమాట.

చేనుకు ఎట్లా వస్తాయి?

ఒడ్డు మీద ఉన్న గరిక మెల్లగా సాలులోకి దిగుతుంది. కాల్వ గట్ల మీది గరిక ముక్కలు నీళ్లతో కొట్టుకొస్తాయి. మాగని పెంట తోలితే అందులో ఊడ్చిపోసిన చెత్తతో పాటు తుంగ గడ్డలు, గరిక తీగలు వస్తాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు మట్టి చాలామంది తోలుకున్నారు. చెరువు మట్టి భూమికి బలమే. కానీ తుంగ మొలిచిన అంచు నుంచి ఎత్తిన మట్టి అయితే తుంగను కూడా ట్రాక్టర్ ఎక్కించి తెచ్చుకున్నట్టే. పసుపు విత్తన కొమ్ములకు అంటిన మట్టిలోనూ తుంగ గడ్డలు దాక్కుంటాయి. విత్తనం కొనేటప్పుడు మట్టి దులిపి చూసుకోవాలి.

ఇంకో పొరపాటు మనం రోజూ చేసేదే. పీకిన గరికను ఒడ్డు మీద పారేస్తాం. ఈ వ్యాసం రాసేవాడు కూడా ఆ తప్పు చేసినవాడే. పెరట్లో పీకిన గరికను బావి గడ్డ పక్కన కుప్ప పెడితే రెండు వానలకు ఆ కుప్ప కింద నుంచి వేళ్లు దిగాయి. తర్వాత గడ్డపారతో తవ్వాల్సి వచ్చింది. వెన్నదేవికూర కూడా అంతే. తుంచి పారేసిన కాడ కణుపు నుంచి మళ్లీ లేస్తుంది. పీకిన కలుపు చచ్చిందని అనుకోవద్దు. ఎండి గలగలలాడినప్పుడే చచ్చినట్టు లెక్క.

ఎండాకాలంలో ఏం చేయాలి?

ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు. తడిలో కోస్తే పెరుగుతుంది, ఎండలో బయటికి లాగితే చస్తుంది.

పసుపు తవ్వకాలు అయ్యాక నేల గుల్లగా ఉంటుంది. పత్తి కట్టె పీకిన చేలు కూడా ఖాళీ అవుతాయి. మార్చి నుంచి రోహిణి కార్తె దాకా దొరికే ఈ ఎండ మీకు పైసా ఖర్చు లేని గడ్డిమందు. దాన్ని ఇట్లా వాడుకోండి.

మొదట రోటవేటర్ జోలికి పోవద్దు. గరిక ఉన్న చేలో రెక్క నాగలితో జానెడు లోతు తగ్గకుండా దున్నించండి. పెళ్లలు పెద్దవిగా లేస్తే భయపడకండి, పెళ్ల తిరగబడితేనే లోపలి దుంప కాడలు ఎండకు వస్తాయి. పది పదిహేను రోజులు అట్లాగే వదిలేయండి. తర్వాత కల్టివేటర్‌తో అడ్డంగా ఒకసారి దున్నించి, మళ్లీ పది పదిహేను రోజులు ఎండబెట్టండి. మధ్యలో వడగండ్ల వానో, గాలివానో పడితే తడి ఆరేదాకా ఆగి మళ్లీ ఒకసారి కదపాలి. తడిసిన రోజే కల్టివేటర్ వేస్తే మొదటికి మోసం.

రెండో దున్నకం అయ్యాక గుంటుకో, దంతెనో లాగితే ఎండిన గరిక తీగలు కుప్పలుగా వస్తాయి. వాటిని ఏరి చేనులోనే ఒక మూలన ఎండబెట్టి కాల్చేయాలి. పెంటకుప్పలో వేయవద్దు. ఒడ్డున వేయవద్దు. కల్టివేటర్ చేను దాటేముందు కొయ్యలకు చుట్టుకున్న తీగలను తీసివేయించాలి. డ్రైవర్ విసుక్కున్నా వినకండి, పక్క చేను కూడా మీ వాళ్లదే కావచ్చు.

గరిక చేనంతా లేకుండా అక్కడక్కడ దుబ్బులుగా ఉంటే ట్రాక్టర్ అవసరం లేదు. ఆ దుబ్బుల చుట్టూ మూరెడు ఎక్కువ జాగా కలుపుకొని గడ్డపారతో తవ్వి ఏరించండి. దుబ్బు మంచమంత ఉన్నప్పుడు ఇద్దరు మనుషుల పూట పని. మడి అంతా పాకనిస్తే ఇంటిల్లిపాది వారం చేసినా తెమలదు.

తుంగకూ ఇదే దున్నకం పనికొస్తుంది. పైకి వచ్చిన గడ్డలు పది పదిహేను రోజులు గట్టి ఎండలో ఉంటే నీరింకి మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి. కానీ లోతున తడిలో ఉన్న గడ్డలు చావవు. అందుకే తుంగ ఒక్క ఎండాకాలంతో పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. రెండు మూడేళ్లు పట్టు విడవకుండా చేస్తేనే తగ్గుతుంది.

మూడు వారాల లెక్క

తుంగ విషయంలో రైతుకు చేతనైన కిటుకు ఒకటుంది. గడ్డ మొలిచి ఆకులు పైకి వచ్చిన కొత్తలో అది తన నిల్వ తిండి మీదనే బతుకుతుంది. సుమారు మూడు వారాలు దాటితే ఆకులు తయారుచేసిన తిండి కిందికి దిగి కొత్త గడ్డలు పెట్టడం మొదలవుతుంది. కాబట్టి మూడు వారాలు నిండకముందే కలుపు తీయాలి. మళ్లీ లేస్తుంది. మళ్లీ మూడు వారాల లోపే తీయాలి. ఇట్లా ప్రతిసారీ నిల్వ ఖర్చు చేయిస్తూ, కొత్త నిల్వ చేరకుండా చూస్తే గడ్డ బలహీనపడుతుంది.

మనం చేసేది దీనికి తలకిందులు. "కైకిలోళ్లు దొర్కలే, ఎక్కువ మొలిచినంక ఒక్కసారే తీపిద్దాం" అని నెలా నెలన్నర ఆగుతాం. అప్పటికి తుంగ పూత పూసి, కింద కొత్త గడ్డలు పెట్టి, తన పని చేసుకుని ఉంటుంది. అప్పుడు పెట్టిన కూలి డబ్బు పైన ఆకు కోయడానికే సరిపోతుంది.

నీడ అంటే రెండింటికీ పడదు

గరికకు, తుంగకు ఇద్దరికీ ఎండ పొడ కావాలి. నీడ పడితే రెండూ నీరసిస్తాయి. ఈ బలహీనతను వాడుకోవచ్చు. నీటి వసతి ఉంటే ఎండాకాలం దున్నకాల తర్వాత తొలకరికి జనుము గానీ జీలుగ గానీ ఒత్తుగా చల్లండి. నడుం ఎత్తు ఎదిగి కింద నేల కనిపించకుండా కమ్మేస్తుంది. పూతకు వచ్చే ముందు కలియదున్నితే భూమికి పచ్చిరొట్ట ఎరువు, కలుపుకు దెబ్బ. ఎడంగా ఉండే పత్తి సాళ్లలో మొదటి రెండు నెలలు నేల బోసిగా ఉంటుంది కాబట్టి కలుపు రాజ్యమేలుతుంది. తుంగ మరీ ఎక్కువున్న చేలో ఒకటి రెండు సీజన్లు పత్తి మాని జొన్న, మక్క, అలసంద లాంటి నీడ పంటలు మార్చి వేసుకుంటే ఫలితం కనిపిస్తుంది.

పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. మొదట్లో మెల్లగా ఎదుగుతుంది. విత్తిన వెంటనే పచ్చి ఆకు, గడ్డి మందంగా పరిస్తే తేమ నిలుస్తుంది, విత్తనం నుంచి మొలిచే కలుపు అణగుతుంది. డ్రిప్పు కింద ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పరిచే రైతులు ఒక విషయం గమనించాలి. తుంగ మొలక సూదిలాగా ఉంటుంది, షీటును పొడుచుకుని పైకి వస్తుంది. తుంగ ఉన్న చేలో ముందు తుంగ సంగతి చూడకుండా షీటుకు డబ్బు పెట్టవద్దు.

మందులతో ఎంత పని అవుతుంది?

విత్తగానే కొట్టే పెండిమిథాలిన్, అట్రాజిన్ లాంటి మందులు గింజ నుంచి మొలిచే కలుపును ఆపుతాయి. భూమిలో ఉన్న తుంగ గడ్డను, గరిక దుంప కాడను అవి ఏమీ చేయలేవు. ఈ మందులు కొట్టి తుంగ పోలేదని బాధపడడం అనవసరం.

మక్కలో తుంగ ఎక్కువుంటే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందును ఎకరాకు 36 గ్రాములు, తుంగ లేతగా మూడు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు, నేలలో పదును చూసి కొట్టుకోవచ్చు. కానీ జాగ్రత్త, మన దగ్గర పసుపులో అంతర పంటగా మక్క వేస్తాం. ఈ మందు పసుపుకు సిఫార్సు లేదు. పసుపు ఉన్న చేలో దీన్ని కొట్టకూడదు.

పత్తిలో గరిక లాంటి గడ్డి జాతికి క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం మందు ఎకరాకు 400 మిల్లీలీటర్లు వాడుతున్నారు. లేత గడ్డి మీద బాగా పనిచేస్తుంది. ముదురు గరికను ఎర్రబరిచి కొన్నాళ్లు అణచి ఉంచుతుంది తప్ప వేరుతో తీసేయదు. తుంగ మీద అసలు పనిచేయదు. పారాక్వాట్ లాంటి మందు పై ఆకును ఒకటి రెండు రోజుల్లో కాలుస్తుంది. చూడడానికి చేను ఎండినట్టే ఉంటుంది, కింద వేరు బతికే ఉంటుంది. పైగా ఆ మందు పొరపాటున కడుపులోకి పోతే విరుగుడు లేదు. అలాంటి సీసాను ఇంట్లో, పిల్లల చేతికి అందేచోట ఒక్క పూట కూడా పెట్టవద్దు.

మక్కలో 2,4-డి కొట్టిన పంపుతోనే పత్తికి మందు కొడితే పత్తి ఆకులు బెండాకుల్లా చీలికలై ముడుచుకుంటాయి. గడ్డిమందుకు పంపు వేరుగా పెట్టుకోండి. గాలి వీచే వేళ కొట్టకండి. ఏ మందైనా డబ్బా మీది చీటీలో మీ పంట పేరు ఉందో లేదో చూసి, మండల వ్యవసాయాధికారిని అడిగి, బిల్లు తీసుకుని కొనండి.

గడ్డిమందు పత్తి ఆశ

ఇక అసలు ప్రమాదం ఇక్కడుంది. కలుపుతో విసిగిన రైతు దగ్గరికి విత్తనాల కాలంలో ఎవరో ఒకరు వస్తారు. "అన్నా, ఈ గింజ పెట్టు. మీదికెళ్లి గడ్డిమందు కొట్టినా పత్తికి ఏం కాదు, గడ్డంత మాడుతది" అని చెవిలో చెప్తారు. మహారాష్ట్ర సరిహద్దున్న మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఈ వ్యాపారం కొత్తది కాదు.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. గడ్డిమందును తట్టుకునే పత్తికి అనుమతి లేదు. ఆ మందు గ్లైఫోసేట్‌కు కూడా మన దగ్గర అనుమతి తేయాకు తోటలకు, పంట లేని జాగాలకే. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వేరే ఎవరూ వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. చట్టం సంగతి అట్లా ఉంచి, రైతు లెక్కనే చూడండి. ఆ గింజకు బిల్లు ఉండదు. మొలవకపోతే, కాయ పట్టకపోతే నష్టం అడగడానికి చేతిలో కాగితం ముక్క ఉండదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. గాలికి ఆ మందు తుంపర పక్కవాని మామూలు పత్తి మీద పడితే అది మాడిపోతుంది, అన్నదమ్ముల మధ్య ఒడ్డు తగాదా మొదలవుతుంది.

అన్నీ తెగించి కొట్టినా గరిక, తుంగల పీడ పోతుందా అంటే, పూర్తిగా పోదు. ఈ మందు పచ్చగా ఎదిగే ఆకు ద్వారానే వేరుకు దిగుతుంది. దుమ్ము పట్టి వాడిన గరిక మీద పనిచేయదు. నిద్రపోతున్న తుంగ గడ్డకు అసలు చేరదు. మళ్లీ ఏడాది మళ్లీ అదే గింజ, అదే సీసా. మేలో మూడు దున్నకాలకు వెనకాడి, సీజన్ మొత్తాన్ని బిల్లు లేని గింజ మీద పందెం కాయడం ఎంతవరకు తెలివో మీరే ఆలోచించండి.

ఇంటి ముందు పచ్చికలో

నిర్మల్ పట్టణంలో కొత్తగా ఇళ్లు కట్టినవారు, బడులు, గుళ్ల ఆవరణల్లో పచ్చిక పెంచేవారు కూడా ఇదే గోడు చెప్తున్నారు. ఇక్కడొక తమాషా ఉంది. బెర్ముడా గడ్డి పేరుతో నర్సరీలో డబ్బు పెట్టి కొనే పచ్చిక మన గరిక కుటుంబమే. వినాయక చవితికి 21 పత్రిలో ఒకటిగా పూజించే గరిక, పచ్చికలో ఉంటే అందం, చేలో ఉంటే పీడ. పచ్చికలో పీడ పెట్టేది తుంగ.

పచ్చిక వేసే ముందు తెచ్చిన మట్టిని వెంటనే పరచకండి. జానెడు మందం పోసి, పదిహేను ఇరవై రోజులు నీళ్లు చల్లుతూ చూడండి. తుంగ ఉంటే మొలిచి తనే బయటపడుతుంది. గడ్డతో సహా ఏరి తర్వాత పరచుకోండి. ఉన్న పచ్చికలో తుంగ లేస్తే చేత్తో పీకవద్దు. ముందురోజు నీళ్లు పెట్టి, ఖుర్పీ లోతుగా దించి గడ్డతో సహా లేపండి. రెండు మూడు వారాలకొకసారి మరిచిపోకుండా చేయండి. పచ్చికను నేలకు అంటగా కోస్తే ఎండ లోపలికి దిగి తుంగకు మేలు చేస్తుంది, కాస్త ఎత్తుగానే ఉంచండి. పక్కన కూరగాయల మడి ఉంటే మధ్యలో జానెడు లోతు బండరాళ్లు నిలువుగా పాతితే గరిక తీగ దాటడం తగ్గుతుంది. దాటిన తీగను నెలకొకసారి కోసి ఎండబెట్టండి.

ఒడ్డు ఎవరిది?

చివరిగా ఒక మాట. చేనును ఎంత శుభ్రం చేసినా ఒడ్డు మీద గరికను వదిలేస్తే వచ్చే వానకు మళ్లీ దిగుతుంది. ఒడ్డు ఇద్దరిదీ కాబట్టి ఎవరూ ముట్టరు. ఈ ఎండాకాలం పక్క చేను రైతుతో మాట్లాడుకుని, ఇద్దరూ ఒకే వారంలో దున్నించండి. ఒడ్డు అంచు వెంబడి లోపలికి పాకిన తీగలను ఇద్దరూ కోసి లాగేయండి. ఒడ్డును మొత్తం తవ్వితే వానకు తెగుతుంది, కాబట్టి అంచులే చూసుకోండి.

ఖర్చు పెద్దగా లేదు. మూడు దున్నకాలు, రెండు మూడు రోజుల ఏరివేత. వానాకాలంలో కైకిలి కోసం ఊరూరా తిరిగే తిప్పలతో పోల్చుకుంటే ఇది తేలికే. రోహిణి కార్తె ఎండలు రైతుకు చెమట పట్టిస్తాయి. ఆ ఎండను ఈసారి మీ గరిక మీదికి మళ్లించండి. అనుమానాలు ఉంటే మీ మండల వ్యవసాయాధికారిని గానీ, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను గానీ కలవండి. పోయేటప్పుడు చేలోని కలుపు మొక్కను వేరుతో సహా తీసుకుపోయి చూపించడం మరవకండి.